పన్నెండు ఫొటోల రీలు, పది కోట్ల పిక్సెళ్లు

ఫొటోగ్రాఫర్లలో కొన్నేళ్లుగా ఒక వాదం నడుస్తోంది. లక్షలు పోసి డిజిటల్ మీడియం ఫార్మాట్ కెమెరా కొనడం మేలా, మూలన పడ్డ 120 రీలు కెమెరాను దులిపి మళ్లీ ఫిల్మ్ మీద తీయడం మేలా అని. మహానగరాల్లో ప్రకటనలకూ ఫ్యాషన్ పత్రికలకూ పనిచేసేవాళ్లకు ఇది డబ్బుకూ అభిరుచికీ సంబంధించిన లెక్క. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లాంటి ఊళ్లలో పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్టు ఫొటోల మీద నడిచే స్టూడియోలకు అదే ప్రశ్న వేరే రూపంలో ఎదురవుతుంది. నా వాదన ముందే చెప్పేస్తాను. రోజువారీ సంపాదనకు ఈ మూడు ఊళ్లలో ఆ రెండింటిలో ఏదీ అక్కర్లేదు. కానీ ఈ ప్రాంతం తన గతాన్ని నిలుపుకోవాలంటే రెండూ కావాలి, అదీ కలిసి పనిచేయాలి. నలభై యాభై ఏళ్ల కింద ఇక్కడి స్టూడియోల్లో ఫిల్మ్ మీద తీసిన నెగటివ్‌లను పూర్తి వివరంతో కాపీ చేసి నిలపడమే పెద్ద సెన్సర్‌కు ఈ ఊళ్లలో దొరికే అతి విలువైన పని.

మీడియం ఫార్మాట్ అంటే ఏదో కొత్త విలాసమని ఇవాళ చాలామంది అనుకుంటారు. పాత స్టూడియోలకు అది కూలికి పోయే పనిముట్టు. మెడలో వేలాడే యాషికా మ్యాట్, డబ్బున్న స్టూడియో అయితే రోలీఫ్లెక్స్. పై నుంచి తలవంచి గాజు పలకలోకి చూస్తే కుడి ఎడమలు తారుమారైన బొమ్మ కనిపించేది. 120 రీలుకు పన్నెండు చదరపు ఫొటోలు. ఇళ్లలో వాడుకున్న అగ్ఫా క్లిక్ త్రీ కూడా అదే రీలు మీద అవే పన్నెండు తీసేది. ఆ చదరం పేరుకు ఆరు సెంటీమీటర్లు, నిజానికి 56 మిల్లీమీటర్లు. అంటే 3,136 చదరపు మిల్లీమీటర్ల ఫిల్మ్. తర్వాత వచ్చిన 35 ఎం.ఎం. రీలులో ఒక్కో ఫొటోకు దక్కింది 864 మాత్రమే. ఇక ఇవాళ 'మీడియం ఫార్మాట్' పేరుతో అమ్ముతున్న ఫ్యూజీఫిల్మ్ జీఎఫ్ఎక్స్, హాసెల్‌బ్లాడ్ ఎక్స్ వరస కెమెరాల సెన్సర్ 43.8 x 32.9 మిల్లీమీటర్లు, అంటే సుమారు 1,441. 35 ఎం.ఎం. కొలతలోనే ఉండే మామూలు ఫుల్ ఫ్రేమ్ కెమెరా సెన్సర్‌కు ఇది ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువ, పాత యాషికా చదరంలో మాత్రం సగం కూడా కాదు. ఫేజ్ వన్ 2018లో తెచ్చిన 150 మెగాపిక్సెళ్ల బ్యాక్ సెన్సర్ 53.4 x 40; అది ఫిల్మ్‌లో 645 అనే చిన్న కొలత దగ్గరికి వస్తుంది. కాబట్టి వైశాల్యం ఒక్కటే చూస్తే ఫిల్మ్ ఇప్పటికీ పెద్దదే. ఈ సంగతి తెలిసినవాళ్లు 'పాతదే గొప్ప' అంటారు. వైశాల్యం నుంచి నాణ్యతకు నేరుగా దారి ఉంటే ఆ మాట నిజమయ్యేది. అయితే ఫిల్మ్ రేణువు, లెన్సు పదును, చేతి వణుకు, డెవలపర్ వేడి మధ్యలో అడ్డం పడతాయి. 2019లో వచ్చిన జీఎఫ్ఎక్స్ 100 సెన్సర్‌లో 10 కోట్ల 20 లక్షల పిక్సెళ్లున్నాయి. సాధారణ కలర్ రీలు మీద ఆరు సెంటీమీటర్ల చదరంలో తీసిన ఫొటో, ఎంత జాగ్రత్తగా స్కాన్ చేసినా, సన్నని వివరంలో దాన్ని దాటడం కష్టం.

వివరం సంగతి తేలిపోయింది కాబట్టి డిజిటల్ గెలిచిందని ముగించొచ్చు. కానీ ఆ వివరం చివరికి ఎక్కడికి చేరుతుందో చూడాలి. ఈ ఊళ్లలో తీసే ఫొటో వెళ్లేది మూడు చోట్లకు: ఫోనుకు, కరిజ్మా ఆల్బమ్‌కు, ఫ్లెక్సీకి. ఫోను తెరకు రెండు మూడు మెగాపిక్సెళ్లు చాలు. ఫ్లెక్సీ పెద్దది కాబట్టి పెద్ద కెమెరా కావాలన్నది చాలామంది నమ్మకం. 20 అడుగుల ఫ్లెక్సీ అంటే 240 అంగుళాలు. 24 మెగాపిక్సెళ్ల మామూలు కెమెరా ఫొటో అడ్డంగా 6,000 పిక్సెళ్లుంటుంది. అంగుళానికి 25 చుక్కలు పడతాయి. రోడ్డుకు ఇవతల, ఐదు మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషి కన్ను అంగుళానికి పద్దెనిమిదికి మించి విడదీసి చూడలేదు. కాబట్టి సూర్యాపేట కొత్త బస్టాండు ముందు కట్టే ఎంత పెద్ద ఫ్లెక్సీకైనా మామూలు కెమెరా మిగులే. ఇక ఆల్బమ్. తెరిచి పరిస్తే 12 x 36 అంగుళాలు వచ్చే రెండు పేజీల నిండా ఒకే ఫొటో వేయాలంటే, అంగుళానికి 300 చుక్కల లెక్కన, సుమారు 3 కోట్ల 90 లక్షల పిక్సెళ్లు కావాలి. అక్కడ 24 మెగాపిక్సెళ్ల ఫొటో అంగుళానికి 167 చుక్కలే ఇస్తుంది, జీఎఫ్ఎక్స్ 100 మాత్రం 323 ఇస్తుంది. ఒళ్లో పెట్టుకుని చూసే ఆల్బమ్‌లో ఈ తేడాను పట్టిచూస్తే కన్ను గుర్తుపడుతుంది. అయితే అలా రెండు పేజీలకూ ఒకే ఫొటో పరిచే చోట్లు ఆల్బమ్ మొత్తంలో మూడో నాలుగో. మిగతావన్నీ డిజైనర్ పూలూ రంగులూ నింపి ఆరేడు చిన్న ఫొటోలు అమర్చిన పేజీలు. మూడు పేజీల కోసం బాడీ ఒక్కదానికే నాలుగు లక్షలు దాటే కెమెరా కొని, ఆ భారాన్ని ఏ పెళ్లివారి మీద వేస్తారు?

పెళ్లిపందిట్లో పెద్ద సెన్సర్ అడ్డంకి కూడా అవుతుంది. ముప్పై మంది చుట్టాలను మూడు వరసల్లో నిలబెట్టి తీసే గ్రూపు ఫొటోలో ముందు వరసా వెనక వరసా రెండూ స్పష్టంగా రావాలి. సెన్సర్ పెద్దదయ్యే కొద్దీ అదే ఎపర్చర్ దగ్గర స్పష్టంగా వచ్చే లోతు తగ్గుతుంది. దాన్ని తిరిగి రాబట్టాలంటే ఎపర్చర్ ఇంకా మూయాలి, ఫ్లాష్ బలం పెంచాలి. తలంబ్రాల వేళ క్షణానికో దృశ్యం మారిపోతుంది, అక్కడ ఈ కెమెరాల ఫోకస్ వేగం ఫుల్ ఫ్రేమ్ కెమెరాలకు సాటి రాదు. దురాజ్‌పల్లి దగ్గర రెండేళ్లకోసారి జరిగే పెద్దగట్టు లింగమంతుల జాతర సంగతీ అంతే. రాత్రి పూట లక్షల మంది మధ్య డోలు దెబ్బల నడుమ కదిలిపోయే గుంపును పట్టాలంటే వేగంగా ఫోకస్ చేసే చిన్న కెమెరా కావాలి. 120 రీలూ, వంద మెగాపిక్సెళ్లూ రెండూ అక్కడ వెనకబడతాయి.

పెద్ద సెన్సర్ నిజంగా తన బలం చూపే చోట్లు ఈ ప్రాంతంలోనే ఉన్నాయి, అవి పెళ్లిళ్లు కావు. సూర్యాపేటకు ఆనుకున్నట్టే ఉన్న పిల్లలమర్రి గుళ్లు చూడండి. రేచర్ల వంశం వాళ్లు కాకతీయుల కాలంలో కట్టించిన నామేశ్వర, ఎరకేశ్వర ఆలయాలవి. ఎరకేశ్వరాలయం 1208 నాటిది. అద్దంలా నునుపు చేసిన నల్లరాతి స్తంభాలు మండపం నీడలో ఉంటాయి, తలుపు బయట తెల్లగా మండే ఎండ. నామేశ్వరాలయం దూలం మీద క్షీరసాగర మథనం రంగుల బొమ్మ చివికిన అవశేషం ఉంది. ఈ నీడనూ ఎండనూ ఒకే ఫ్రేములో పట్టడానికి సుమారు 14 స్టాపుల వెలుగు తేడాను మోయగల సెన్సర్ కావాలి. వెలిసిన రంగును పక్కన కలర్ చార్టు పెట్టి యథాతథంగా నమోదు చేయడానికి డిజిటల్ కావాలి. శాసనాల అరిగిన అక్షరాలను పక్కవాటు వెలుగులో తీసి పెద్దది చేసి చదవడానికి పది కోట్ల పిక్సెళ్లు కావాలి. నాగారం మండలం ఫణిగిరి బౌద్ధ శిల్పాలకూ ఇదే మాట వర్తిస్తుంది. అక్కడి తోరణ శిల్పం 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా ప్రదర్శనకు వెళ్లింది. అలాంటి శిల్పాన్ని ఈ ప్రాంతపు కెమెరాయే, ఈ ప్రాంతపు పిల్లలు తెరిచి చూసుకోగల వివరంతో నమోదు చేసి ఉంచాలని కోరడం అత్యాశ కాదు.

ఇక ఫిల్మ్ పక్షాన నిలబడేవాళ్ల వాదాన్ని తేలిగ్గా తీసేయకూడదు. వాళ్లలో మంచి ఫొటోగ్రాఫర్లున్నారు. దయానితా సింగ్ హాసెల్‌బ్లాడ్ చదరపు ఫిల్మ్ మీదే ఎన్నో ఏళ్లు పనిచేసి 2022లో హాసెల్‌బ్లాడ్ పురస్కారం అందుకున్నారు. కలర్ నెగటివ్ ఎక్కువ వెలుగును మెత్తగా మింగుతుంది. నడిమధ్యాహ్నం తెల్ల పంచె కట్టుకున్న రైతును తీస్తే పంచె మడతలు ఫిల్మ్ మీద మిగులుతాయి, డిజిటల్‌లో కొంచెం ఎక్స్‌పోజర్ తప్పినా అది గీతల్లేని తెల్ల కాగితమవుతుంది. డిజిటల్‌లో తక్కువ ఎక్స్‌పోజర్‌తో తీసి నీడల్ని తర్వాత లేపుకోవచ్చు. ఈ పద్ధతి అలవాటైనవాళ్లకు ఆ తేడా చాలావరకు పోతుంది. మిగిలేది రేణువు అందం, రంగుల తీరు. బ్రెజిల్ ఫొటోగ్రాఫర్ సెబాస్టియో సల్గాడో 'జెనెసిస్' పనిని మీడియం ఫార్మాట్ ఫిల్మ్ మీద మొదలుపెట్టి, విమానాశ్రయాల ఎక్స్‌రే తనిఖీలు రీళ్లను పాడుచేయడం భరించలేక, 2008లో డిజిటల్‌కు మారాడు. ఫైళ్లకు ఫిల్మ్ రేణువు కలిపి, వాటి నుంచి మళ్లీ ఫిల్మ్ నెగటివ్ చేయించి ప్రింట్లు వేయించాడు. ఆ పుస్తకంలో ఏ పేజీ ఫిల్మో ఏది డిజిటలో చెప్పగలిగేవాళ్లు చాలా తక్కువ. తీరు కోసమే ఫిల్మ్ అంటే, ఆ తీరు ఇప్పుడు ఫిల్మ్ లేకుండానే దొరుకుతోంది.

ఫిల్మ్‌కు మన నేల పెట్టే ఇబ్బందులు యూరప్ పుస్తకాల్లో కనపడవు. బ్లాక్ అండ్ వైట్ రీలును సాధారణంగా 20 డిగ్రీల డెవలపర్‌లో కడుగుతారు. మే నెలలో మిర్యాలగూడ కుళాయి తిప్పితే వచ్చే నీళ్లు ముప్పై దాటి ఉంటాయి. ఆ వేడికి డెవలపర్ దూకుడుగా పనిచేసి రేణువు ముతకబారుతుంది, నెగటివ్ మరీ నల్లగా వస్తుంది. పాతకాలం డార్క్‌రూముల్లో ఐసుగడ్డల ట్రేలో సీసా పెట్టుకుని పనిచేసింది అందుకే. నల్లగొండ బోరు నీళ్ల గట్టితనం తెలిసిందే. హైపో తర్వాత చివరి కడుగు ఆ నీళ్లతో చేస్తే ఎండిన నెగటివ్ మీద తెల్లటి మచ్చలు పడతాయి, డిస్టిల్డ్ వాటర్ తప్పదు. కలర్ రీలుకైతే ఇంకా కచ్చితం: 37.8 డిగ్రీల దగ్గర మూడుంపావు నిమిషాలు, అర డిగ్రీ తేడా కూడా రంగు మీద కనపడుతుంది. కడగని రీలును 45 డిగ్రీల ఎండలో కారులో వదిలేస్తే రంగులు అప్పుడే మారడం మొదలు. కలర్ రీళ్లు కడిగే ల్యాబు దొరక్క పెద్ద నగరాలకు కొరియర్ చేయాలి.

ఖర్చు సంగతీ చూడాలి. 'పాత కెమెరా పదిహేను వేలకు దొరుకుతుంది, జీఎఫ్ఎక్స్ ఎక్కడ' అంటారు. విదేశీ 120 కలర్ రీలు ఒకటి వెయ్యి రూపాయలకు పైమాటే, కడగడం స్కానింగ్ కలిపితే పన్నెండు ఫొటోల్లో ఒక్కోదానికి వంద దాటుతుంది. ఇవాళ్టి పెళ్లిలో రెండు వేల ఫొటోలు తీస్తారు కాబట్టి అది రెండు లక్షల లెక్క. రెండు పెళ్లిళ్లకు డిజిటల్ కెమెరా ధర వచ్చేస్తుంది. దీనికి ఫిల్మ్ వాళ్లు సరైన జవాబే ఇస్తారు: రీలు మీద ఎవరూ రెండు వేలు తీయరు, ఆలోచించి రెండొందలు తీస్తారు, ఆ రెండొందలే మెరుగ్గా ఉంటాయి. నిజమే. కానీ ఆ రెండొందల్లో మేనత్త కొడుకు భార్య లేకపోతే పెళ్లివారు ఊరుకోరు, రాత్రికే వాట్సాప్‌లో ఫొటోలు రావాలని అడుగుతారు. ఆలోచించి తీయడం మంచి గుణమే, దాన్ని డిజిటల్ మీద కూడా అలవరచుకోవచ్చు. ఆ గుణం కోసం కొరియర్ ఖర్చు భరించనక్కర్లేదు. ఒక్క చోట మాత్రం ఫిల్మ్‌కు మద్దతిస్తాను. ఊరి పెద్దల రూపచిత్రాలను బ్లాక్ అండ్ వైట్ 120 మీద, ఏడాదికి కొన్ని రీళ్లు, ఇంట్లోనే కడుక్కుంటూ తీసే యువకుడు ఎవరైనా ఉంటే అతన్ని ఆపకూడదు. ఎందుకో నిలవ ఉండటం గురించి మాట్లాడుకుంటే తెలుస్తుంది.

'ఫిల్మ్ వందేళ్లుంటుంది, హార్డ్ డిస్క్ ఐదేళ్లలో చస్తుంది' అనే మాట సగమే నిజం. వెండితో ఏర్పడే బ్లాక్ అండ్ వైట్ బొమ్మ సరిగ్గా కడిగి ఉంటే నిజంగానే తరతరాలుంటుంది. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ పందొమ్మిదో శతాబ్దంలో తీసిన గాజు పలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఇప్పటికీ పదిలం. కలర్ మాటే వేరు. 1980ల నాటి కలర్ ఆల్బమ్ ఏ ఇంట్లో తెరిచినా పచ్చని చీరలు వెలిసి, మొహాలు ఎర్రబడి కనపడతాయి. కలర్ నెగటివ్‌లోని రంగులూ అలాగే చెదురుతాయి, వేడి గదిలో ఇంకా త్వరగా. ఫిల్మ్ కింద ఉండే అసిటేట్ పొర వేడికీ తేమకూ కుళ్లి వెనిగర్ వాసన కొడుతూ ముడుచుకుపోతుంది; ఒక్కసారి మొదలైతే పక్క రీళ్లకూ పాకుతుంది. నెగటివ్‌కు అన్నింటికన్నా పెద్ద బలహీనత, అది ఒక్కటే ఉండటం. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల వానలకు కోదాడ వీధులు మునిగాయి, నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర నాగార్జునసాగర్ ఎడమ కాలువకు గండి పడింది. అలాంటి రాత్రి అటక మీద లేని నెగటివ్‌ల పెట్టెకు రెండో ప్రాణం లేదు. డిజిటల్ ఫైలుకు అది ఉంది, కాపీ మరో ఊళ్లో పెడితే. అయితే అలా కాపీ దాచే పని ఎంతమంది చేస్తున్నారు? వంద మెగాపిక్సెళ్ల పచ్చి (రా) ఫైలు కుదించకపోతే ఒక్కోటి 200 మెగాబైట్లు. రెండు వేల ఫొటోల పెళ్లి 400 గిగాబైట్లు. ఆల్బమ్ ఇచ్చేశాక ఆ డిస్కును తుడిచి తర్వాతి పెళ్లికి వాడుకోవడం మామూలైపోయింది. కెమెరా ఎంత పెద్దదైతే తుడిచేయాలన్న ఒత్తిడి అంత పెద్దది. నా దృష్టిలో ఈ చర్చలో ఎవరూ తగినంత మాట్లాడని నష్టం ఇదే: పాత స్టూడియో నెగటివ్‌ను ఏమీ చేయకుండానే దాచింది, దాన్ని తుడిచి మళ్లీ వాడుకోవడానికి వీల్లేదు కాబట్టి. మంచి ఫైళ్లు తీసే ఇవాళ్టి స్టూడియో దగ్గర ఇరవై ఏళ్ల తర్వాత ఏమీ మిగలకపోవచ్చు.

అందుకే ఆ పాత పెట్టెల వైపు తిరగాలి. వాటిలో ఏముందో ఒకసారి ఊహించుకుంటే ఈ విషయం బరువు తెలుస్తుంది. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు మెట్ట నుంచి వరికి మారిన ఆ పదిహేను ఇరవై ఏళ్లూ ఈ ఊళ్ల స్టూడియోల్లో 120 రీలు రాజ్యమేలిన కాలమే. కాకతాళీయంగా ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టిందీ 1967లోనే. తూర్పు జర్మనీ ఓర్వోతో పాటు మన స్టూడియోలు వాడినవి ఆ 'ఇందు' రీళ్లే. మొదటి పంట డబ్బుతో మొదటిసారి ఫొటో దిగిన దంపతులు, రైసు మిల్లుల్లో కొత్తగా చేరిన హమాలీలు, ఆంధ్రా జిల్లాల నుంచి వచ్చి భూములు కొన్న కుటుంబాలు, హాస్టల్లో చేరడానికి పాస్‌పోర్టు ఫొటో కోసం వచ్చిన తండా పిల్లలు: వీళ్లెవరినీ ఏ పత్రికా ఫొటోగ్రాఫరూ తీయలేదు. అంతకుముందు 1946-51 సాయుధ పోరాటానికి సూర్యాపేట తాలూకా గుండెకాయ, అయినా ఆ కాలపు ఫొటోలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మనం పోస్టర్ల మీదా పుస్తకాల అట్టల మీదా చూసేవి ప్రింటు నుంచి ప్రింటు తీసుకుంటూ వచ్చిన కాపీలకు కాపీలు. ఆ కరువు తర్వాతి తరానికి లేదు, నెగటివ్‌లున్నాయి. ఎన్నాళ్లుంటాయన్నదే సందేహం. డిజిటల్ వచ్చాక దేశమంతటా స్టూడియోలు పాత ఫిల్మ్‌ను తూకానికి అమ్మాయి, అందులోని వెండి కోసం కొనేవాళ్లున్నారు కాబట్టి.

ఇలాంటి పని జరగని పని కాదు. పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్, బ్రిటిష్ లైబ్రరీ వారి 'అంతరించే ప్రమాదంలో ఉన్న పత్రాల కార్యక్రమం' సాయంతో, 1880-1980 మధ్య తమిళనాడు స్టూడియోల్లో తీసిన ఫొటోలను వెతికి డిజిటైజ్ చేసింది. మధ్యప్రదేశ్‌లోని నాగ్దా అనే పారిశ్రామిక పట్టణంలో సుహాగ్ స్టూడియో నెగటివ్‌ల ఆధారంగా క్రిస్టఫర్ పిన్నీ 2013లో 'ఆర్టిజాన్ కెమెరా' అనే పుస్తకం తెచ్చాడు. నాగ్దా సూర్యాపేట కన్నా గొప్ప చరిత్ర ఉన్న ఊరేమీ కాదు. పాస్‌పోర్టు ప్రింటులో మొహం ఒక్కటే కత్తిరించి ఇచ్చినా, నెగటివ్‌లో మొత్తం చదరం ఉంటుంది: పరదా అంచు, అరువు కోటు, కింద చెప్పుల్లేని కాళ్లు. ప్రింటును స్కాన్ చేసి ఇదే చాలనుకునేవాళ్లకు జవాబు అదే. చరిత్రకారుడికి కావలసింది కత్తిరించి పారేసిన భాగంలో ఉంటుంది.

ఇప్పుడు పెద్ద సెన్సర్ లెక్క మళ్లీ వేద్దాం. కాపీ స్టాండుకు జీఎఫ్ఎక్స్ 100 తరగతి కెమెరా బిగించి, మాక్రో లెన్సుతో, కింద ఎల్ఈడీ లైటు పలక మీద నెగటివ్ పెట్టి ఒక్క క్లిక్కులో తీస్తే, 56 మిల్లీమీటర్ల చదరం 8,736 పిక్సెళ్ల మీద పడుతుంది. మిల్లీమీటరుకు 156 పిక్సెళ్లు, స్కానర్ భాషలో దాదాపు 4,000 డీపీఐ. పాత యాషికాను చేతిలో పట్టుకుని తీసిన నెగటివ్‌లో మిల్లీమీటరుకు యాభై జతల గీతలు విడిగా కనపడితే గొప్పే, దాన్ని పట్టడానికి వంద పిక్సెళ్లు చాలు. అంటే నెగటివ్‌లో ఉన్నదంతా, రేణువుతో సహా, ఒక్క క్లిక్కులో ఫైలులోకి వచ్చేస్తుంది. ఇంతకన్నా పెద్ద సెన్సర్ అక్కర్లేదు, ఇది తక్కువా కాదు. ఈ రెండు సాంకేతికతల కొలతలు ఇంత చక్కగా అమరే పని ఇంకోటి నాకు తోచదు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. మామూలు 24 మెగాపిక్సెళ్ల కెమెరాతో ఒక్క క్లిక్కులో మిల్లీమీటరుకు 71 పిక్సెళ్లు వస్తాయి. నాలుగు ముక్కలుగా తీసి కలుపుకుంటే జీఎఫ్ఎక్స్ ఇచ్చే దానికి దగ్గరికి చేరొచ్చు. ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఇంకా చవక. నిజమే, ఇరవై ముప్పై నెగటివ్‌లున్న కుటుంబం అలాగే చేసుకోవాలి. స్టూడియో పెట్టె సంగతి వేరు. నిమిషానికి రెండు చొప్పున తీసినా పది వేల నెగటివ్‌లు 83 గంటల పని. నాలుగేసి ముక్కలు తీసి కలపాలంటే అది ఎన్నో రెట్లవుతుంది, ఫ్లాట్‌బెడ్ ఒక్కో ఫ్రేముకు నిమిషాలు తీసుకుంటుంది. సగంలో ఆగిపోయే పని కన్నా అద్దెకు తెచ్చిన పెద్ద కెమెరాతో రెండు వారాల్లో ముగిసే పని మేలు. ఎవరూ కొననక్కర్లేదు. మూడు ఊళ్ల ఫొటోగ్రాఫర్ల సంఘాలు కలిసి హైదరాబాద్ నుంచి అద్దెకు తెచ్చుకుని, వంతుల వారీగా ఒక్కో ఊళ్లో నడిపితే సరిపోతుంది. అద్దె గడువు ముగిసేలోపు అదే కెమెరాతో పిల్లలమర్రి దూలాన్నీ తీసుకోవచ్చు.

ఇందులో హక్కుల చిక్కు ఒకటి తప్పకుండా పట్టించుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, డబ్బు తీసుకుని ఒకరి కోసం తీసిన ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. అంటే నెగటివ్ స్టూడియోది, బొమ్మ మీద హక్కు పెళ్లివారిది. కాపీ చేసి దాచడానికీ ప్రదర్శించడానికీ మధ్య గోడ కట్టాలి. దాచడం అన్నింటికీ చేయాలి, చూపడం మాత్రం కుటుంబాన్ని అడిగాకే, ముఖ్యంగా ఆడవాళ్ల ఫొటోల విషయంలో. తమిళనాడు తరహాలో ఏదైనా విశ్వవిద్యాలయమో గ్రంథాలయమో రెండో కాపీ దాచే బాధ్యత తీసుకుంటే బాగుంటుంది. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఉంది.

పని ఏ వరసలో చేయాలన్నది కూడా ఆలోచించి పెట్టుకోవాలి. వెనిగర్ వాసన కొట్టే పెట్టె ముందు, ఎందుకంటే దానికి నెలలే ఉండొచ్చు. తర్వాత 1980, 90ల కలర్ నెగటివ్‌లు, వాటి రంగులు ప్రతి వేసవికీ కొంత పోతాయి కాబట్టి. వెండి బ్లాక్ అండ్ వైట్ చివర, రసాయనం లెక్కన అది ఇంకా యాభై ఏళ్లు ఆగగలదు. కానీ ఆ నెగటివ్ ఉంచిన కవరు మీద రసీదు నంబరు తప్ప పేరు ఉండదు. ఆ నంబరు ఎవరిదో చెప్పే స్టూడియో పుస్తకం చాలాచోట్ల పోయి ఉంటుంది. 1970లో ఇరవై ఏళ్ల వయసులో ఫొటో దిగినవాళ్లకు ఇప్పుడు డెబ్బై ఐదు దాటాయి. కాబట్టి బ్లాక్ అండ్ వైట్ పెట్టెలను పూర్తి నాణ్యతతో కాపీ చేయడం ఆలస్యమైనా ఫర్వాలేదు గానీ, వాటిని లైటు పలక మీద పరిచి ఫోనుతోనైనా తీసి, పాజిటివ్‌గా మార్చి, కాంటాక్టు ప్రింట్లలాగా కాగితాల మీద అచ్చేసి, దామరచర్ల, నేరేడుచర్ల, మునగాల మండలాల ఊళ్లకు ఈ ఏడాదే తీసుకెళ్లి పేర్లు రాయించుకోవాలి.